బోర్డర్ కోలీ కుక్కపిల్లను కొనే ముందు దాని పళ్లు చూడండి

విశాఖపట్నంలో బోర్డర్ కోలీ పిల్ల కోసం వెతుకుతున్నవారికి ఈ హెచ్చరిక. నిరుడు నాకు పిల్లను అమ్మిన మనిషి ఫొటోల్లో ఉన్న అట్టపెట్టె, అందులో పరిచిన నీలం తువ్వాలు గత వారం మరో ఫోన్ నంబరుతో మళ్లీ అమ్మకానికి కనిపించాయి. ఈసారి పెట్టెలో మూడు పిల్లలున్నాయి.

నేను 35 వేలు ఇచ్చాను. తల్లిని చూపించమంటే భీమిలి దగ్గర తోటలో ఉందన్నాడు. తన ఇంటికి రానివ్వకుండా మధురవాడలో హైవే పక్కన కారు ఆపి పిల్లను చేతిలో పెట్టాడు. రెండు నెలలు నిండాయనీ, మొదటి టీకా అయిపోయిందనీ చెప్పాడు. మా అబ్బాయి దాన్ని ఒళ్లోకి తీసుకున్నాక ఇంకేమీ అడగాలనిపించలేదు. అడిగి ఉండాల్సింది.

నాలుగో రోజు పిల్ల తిండి మానేసింది. సాయంత్రానికి వాంతులు, రక్తంతో విరేచనాలు. డాక్టర్ గారి దగ్గర పది నిమిషాల్లో పరీక్ష పట్టీ మీద రెండో గీత తేలింది. పార్వో, అంటే కుక్కపిల్లల ప్రాణం తీసే వైరస్ జబ్బు. ఆయన దాని నోరు తెరిచి, చిగుళ్లను వేలితో తడిమి చూశారు. "ఎనిమిది వారాల పిల్లకు 28 పాలపళ్లూ వచ్చేసి ఉండాలి. దీనికి వెనక పళ్లు ఇప్పుడిప్పుడే పొడుస్తున్నాయి. ఐదు వారాలకు మించి ఉండదు" అన్నారు. టీకా కార్డులో మందు సీసా మీది స్టిక్కర్ లేదు, బ్యాచ్ నంబరు లేదు. పెన్నుతో రాసిన తేదీ, ఎవరిదో తెలియని సంతకం మాత్రమే ఉన్నాయి. పార్వో సాధారణంగా ఒంట్లో చేరిన మూడు నుంచి ఏడు రోజుల్లో బయటపడుతుంది. అంటే మా ఇంటికి వచ్చేసరికే అది జబ్బుతో ఉండి ఉంటుంది.

ఆరు రోజులు సెలైన్ ఎక్కించారు. సూది ఊడిపోకుండా నా భార్య దాని ముందుకాలు పట్టుకుని గంటల తరబడి కూర్చుంది. ప్రాణం దక్కింది. అమ్మినవాడు మాత్రం ఫోను ఎత్తలేదు.

అతను చెప్పిన మరో మాట కూడా అబద్ధమే. "అపార్ట్‌మెంట్‌కు ఇంతకంటే మంచి జాతి లేదండీ, రోజూ పావుగంట తిప్పితే చాలు" అన్నాడు. ఇది ఇంగ్లండ్, స్కాట్లండ్ సరిహద్దు కొండల్లో గొర్రెల మందలను మళ్లించడానికి తయారైన జాతి. ఎంవీపీ కాలనీలో మా ఫ్లాటులో గొర్రెలు లేవు కాబట్టి మా అబ్బాయినే మళ్లిస్తుంది. వాడు హాల్లో పరుగెత్తగానే తల వంచి, పొట్ట నేలకు ఆనేంతగా నక్కి, రెప్ప వేయకుండా చూస్తుంది. ఆ తర్వాత చుట్టూ తిరిగి మూలకు నెట్టి మడమ మీద పంటితో నొక్కుతుంది. కోపం కాదు, దాని పుట్టుకే అంత. వీధిలో బైకు కనిపించినా అదే పని, అందుకే బెల్టు వదలం. తెల్లవారుజామున ఐదింటికి బీచ్ రోడ్డులో గంట తిప్పినా సరిపోదు. బొమ్మలు దాచి వెతికించడం, కొత్త మాటలు నేర్పడం వంటి బుర్రకు పని కూడా కావాలి. లేకపోతే తలుపు చెక్కలు కొరికేస్తుంది. ఈ ఊరి ఉక్కపోతలో అంత దట్టమైన బొచ్చుతో ఎండలో పరుగెత్తించడం ప్రమాదం. ఎండెక్కాక బయటికి తీయాల్సివస్తే ముందు అరచేతి వెనుక వైపును తారు మీద ఆనించి చూస్తాం. మన చేయి తట్టుకోలేనంత వేడిగా ఉంటే దాని పాదాలూ కాలుతాయి.

2017 నాటి కేంద్ర నిబంధనల ప్రకారం ఎనిమిది వారాల లోపు పిల్లను అమ్మకూడదు. పెంచి అమ్మేవారికి రాష్ట్ర జంతు సంక్షేమ బోర్డు రిజిస్ట్రేషన్ ఉండాలి. ఆ పత్రం అడగండి. తల్లిని అది ఉండే చోటుకే వెళ్లి చూడండి. పూర్తి డబ్బు ఇచ్చే ముందు మీరు ఎంచుకున్న డాక్టర్‌తో పళ్లు, టీకా కార్డు చూపించుకోండి. వీటిలో దేనికి ఒప్పుకోకపోయినా వెనక్కి వచ్చేయండి.

ఇంతకుముందు పార్వోతో పిల్ల చనిపోయిన ఇంట్లో ఆ వైరస్ నెలల తరబడి బతికే ఉంటుంది. మామూలు ఫినాయిల్‌కు లొంగదు, బ్లీచింగ్ ద్రావణంతో కడగాలి.

ఆ నీలం తువ్వాలు మీది మూడింటిలో ఏదైనా ఇప్పటికే మీ ఇంటికి వచ్చి ఉంటే, తిండి మానేసేదాకా ఆగకండి. ఈరోజే డాక్టర్‌కు చూపించండి.