పాత స్క్రోల్ సా: పిన్ బ్లేడా, పిన్ లేని బ్లేడా?

విశాఖలో సెకండ్ హ్యాండ్ స్క్రోల్ సా (సన్నని బ్లేడ్‌తో చెక్కలో వంపులు కోసే యంత్రం) కొన్నారా? పిన్ హోల్డర్లతో (రెండు చివర్లా అడ్డంగా చిన్న పిన్ ఉన్న బ్లేడ్లను పట్టే అమరికతో) వచ్చిందైతే అలాగే నడపాలా, పిన్ లేని బ్లేడ్లకు క్లాంపులు మార్చాలా?

ఖర్చు: పిన్‌కు అదనంగా ఏమీ లేదు. రెండోదానికి క్లాంపుల జత కొనాలి, అది మీ మోడల్‌కు సరిపోవాలి.

శ్రమ: పిన్ బ్లేడ్‌ను తగిలిస్తే చాలు. పిన్ లేనిదాన్ని స్క్రూతో బిగించాలి. చాలామంది విసిగిపోయేది ఇక్కడే: టెన్షన్ ఇవ్వగానే, అంటే బ్లేడ్‌ను బిగువుగా లాగగానే, అది జారిపోతుంది. కొత్త బ్లేడ్ల మీది నూనే దీనికి తరచూ కారణం. రెండు చివరలనూ సన్న ఎమరీ కాగితంతో రుద్దండి, పట్టు నిలుస్తుంది.

పనితనం: చెక్క లోపలి భాగాలు కోయాలంటే ముందు రంధ్రం చేసి బ్లేడ్‌ను దూర్చాలి. పిన్ దూరాలంటే దాదాపు 5 మిల్లీమీటర్ల రంధ్రం కావాలి. సన్నని పిన్ లేని బ్లేడ్‌కు 1 మిల్లీమీటరు చాలు. జాలీ పనిలో ఈ తేడాయే ప్రాణం.

తుప్పు భయం రెండింటికీ ఒకటే. మన సముద్రపు గాలికి ఇనుప టేబుల్ ఊరికే తుప్పు పడుతుంది. శుభ్రంగా రుద్ది మైనం పూయండి. బ్లేడ్లను మూత గట్టిగా ఉన్న డబ్బాలో దాచండి.

పిల్లల బొమ్మలకు బయటి అంచులే కోస్తే పిన్ చాలు. పూజామందిరానికి జాలీ పలక కోయాలనుకుంటే మాత్రం తప్పక క్లాంపులు మార్చండి.