మూడు వానాకాలాలు వాడాక: వెనక మోవర్‌తో మినీ ట్రాక్టర్‌ను ఎక్కించే ర్యాంప్ ట్రాలీ

ట్రాలీ బాగుంది, దానితో ఇచ్చిన ర్యాంపులు మాత్రం పనికి రాలేదు. ఇలాంటిది చేయించుకోవాలనుకునే వాళ్లు మిగతా వివరాలన్నీ పక్కన పెట్టి ముందు ర్యాంపు పొడవు చూడండి.

మా ట్రాలీ పొడవు 13 అడుగులు, వెడల్పు ఐదున్నర. రెండు ఇరుసులు, నాలుగు టైర్లు, నేల నుంచి ప్లేటు పైకి 26 అంగుళాలు. 45 హెచ్‌పీ ట్రాక్టర్ వెనక తగిలించి మొయినాబాద్, చేవెళ్ల, శంకర్‌పల్లి వైపు మామిడి తోటలకూ ఫామ్‌హౌస్‌లకూ తిప్పుతున్నాం. పెద్ద బండి దున్నుతుంది, ట్రాలీ మీద వచ్చిన చిన్న బండి కొమ్మల కిందికి దూరి గడ్డి కోస్తుంది. ఒక్క ట్రిప్పులో రెండు పనులూ అయిపోతాయి.

చిన్న బండి 24 హెచ్‌పీ, 4 వీల్ డ్రైవ్, బరువు 650 కిలోల దగ్గర. దాని వెనక గడ్డి కోసే 4 అడుగుల రొటరీ మోవర్, 150 కిలోలు. మొత్తం 800 కిలోలు అంటే ఈ ట్రాలీకి పెద్ద బరువేం కాదు. అసలు ఇబ్బంది ఆ 150 కిలోలు వేలాడే చోట ఉంది. మోవర్ తోక వెనక ఇరుసు దాటి 5 అడుగుల దాకా బయటికి ఉంటుంది.

మొదట వచ్చిన ర్యాంపులు 6 అడుగులవి. 26 అంగుళాల ఎత్తుకు 6 అడుగుల ర్యాంపు పెడితే వాలు 21 డిగ్రీలు. ఇంజను లాగదేమో అని చాలామంది భయపడతారు గానీ లో గేర్లో అది సునాయాసంగా లాగుతుంది. తగిలేది మోవర్ తోక. ముందుకు నడిపి ఎక్కించినప్పుడు ముక్కు పైకి లేచిన కొద్దీ తోక కిందికి దిగుతుంది, 5 అడుగుల తోకకు 21 డిగ్రీల దగ్గర దాదాపు 22 అంగుళాలు. మా మోవర్ పూర్తిగా లేపినా తోక దగ్గర నేలకు 14 అంగుళాల ఎత్తే. టాప్ లింకు (మోవర్ పైభాగాన్ని బండికి కలిపే కడ్డీ) మరను తిప్పి పొట్టి చేస్తే 18 వస్తుంది. అయినా 22కు చాలదు, వెనక చిన్న చక్రం నేలను గీరుకుంటూ పోతుంది. 8 అడుగుల ర్యాంపుతో వాలు 16 డిగ్రీల లోపు, తోక దిగేది 16 అంగుళాలు. రెండంగుళాల సందు మిగిలింది. 10 అడుగులవైతే తోక దిగేది 13 అంగుళాలే గానీ, అంత పొడవు ర్యాంపును ఇద్దరు మనుషులు రోజూ ఎత్తి దించడం కష్టం, మధ్యలో ఆసరాగా ఇనప కాలు పెట్టకపోతే వంగుతుంది కూడా. మేం 8 అడుగుల దగ్గర ఆగాం. తోట దగ్గర చిన్న గట్టు దొరికితే ర్యాంపు కాళ్లు దాని మీద ఆనించండి. 6 అంగుళాల గట్టు దొరికినా వాలు 12 డిగ్రీలకు వస్తుంది, 10 అడుగుల ర్యాంపు కన్నా మెరుగు.

ముందుకు ఎక్కించాలా, రివర్స్‌లోనా? వెనక మోవర్ ఉంటే రివర్స్‌లోనే. తోక లెక్క అప్పుడూ దాదాపు అంతే, కాకపోతే నేలకు బదులు ర్యాంపుకు తగులుతుంది. కారణం ముందు చక్రాల మీద మిగిలే బరువు. ఉత్త బండికి ముందు ఇరుసు మీద 290 కిలోలు పడతాయనుకుందాం. మోవర్ లేపగానే అది తూనికకోలలా పనిచేసి ముందు నుంచి వంద కిలోలకు పైగా లాగేసుకుంటుంది. మిగిలింది 185. ముక్కు పైకి పెట్టి ర్యాంపు ఎక్కితే మరో 80 పైచిలుకు వెనక్కి జారుతుంది. చివరికి ముందు చక్రాల మీద ఉండేది వంద కిలోలు. ఆ స్థితిలో క్లచ్ ఒక్క కుదుపుతో వదిలినా ముక్కు గాల్లోకి లేస్తుంది, స్టీరింగు తిప్పినా బండి వినదు. రివర్స్‌లో వెళ్తే బరువైన వైపు పైన ఉంటుంది, ముందు చక్రాలకు పట్టు తగ్గదు. ముందు బంపరుకు బరువు బిళ్లలు కట్టి ముందుకు ఎక్కించే వాళ్లూ ఉన్నారు. బిళ్లలు మంచివే, కానీ వాటిని నమ్ముకుని నిటారు ర్యాంపు మీద ముందుకు పోవడం మాత్రం నేను ఒప్పుకోను.

రివర్స్‌తో వచ్చే చిక్కు ఒకటే. 4 అడుగుల మోవర్ వెనక చక్రాల కంటే వెడల్పు, అందుకని సీటులో కూర్చుంటే ర్యాంపులు కనబడవు. మాకు దీనికి ముగ్గుపిండి పనికొచ్చింది. ర్యాంపు కాళ్ల దగ్గర నుంచి నేల మీద పది, పన్నెండు అడుగుల దాకా రెండు తిన్నని గీతలు, ఒక్కో ర్యాంపు నడిమధ్యకు సరిగ్గా ఎదురుగా. డ్రైవర్ వెనక్కి చూడాల్సిన పని తగ్గుతుంది. ముందు చక్రాలు రెండూ గీతల మీద ఉన్నంత సేపు వెనకవి ర్యాంపు మధ్యలోనే ఉంటాయి. వంకర వస్తే నేల మీదే ఆపి, ముందుకు వచ్చి, మళ్లీ సరిచేసుకోవాలి. ర్యాంపు మీదికి ఎక్కాక స్టీరింగు సర్దవద్దు. ర్యాంపు చేయించే ముందు బండి ముందు చక్రాల మధ్య దూరం, వెనక చక్రాల మధ్య దూరం రెండూ కొలవండి, చాలా బండ్లకు అవి ఒకటి కావు. మా ర్యాంపులు 14 అంగుళాల వెడల్పువి కాబట్టి రెండింటికీ సరిపోయాయి.

ఎక్కించే ముందు ట్రాలీ తోక కింద దిమ్మలు పెట్టాలి. కొన్న నాడు దీని గురించి ఎవరూ చెప్పలేదు. వెనక చక్రాలు ర్యాంపు దాటి ప్లేటు అంచు మీదికి రాగానే అక్కడ 550 కిలోల దాకా పడుతుంది, అదీ ట్రాలీ ఇరుసులకు 5 అడుగులు వెనక. 11 అడుగులు ముందున్న హుక్కు దగ్గర అది సుమారు 250 కిలోలుగా పైకి తన్నుతుంది. లాగే ట్రాక్టర్ హ్యాండ్‌బ్రేకు పట్టేది దాని వెనక చక్రాలనే. ఆ చక్రాల మీది బరువే తేలికైతే, కాస్త వాలు నేల మీద ట్రాక్టరూ ట్రాలీ కలిసి జరుగుతాయి, ర్యాంపు కొక్కెం అంచు నుంచి ఊడుతుంది. ప్రమాదం జరిగేది ఆ క్షణంలోనే. ఇప్పుడు తోక రెండు మూలలా పిన్నుతో దించే కాళ్లు వెల్డ్ చేయించాం. మెత్తటి రేగడిలో వాటి కింద అడుగు పలక వేయాలి, లేదంటే దిగబడతాయి. ట్రాలీ టైర్లకు రెండు వైపులా అడ్డుమొద్దులు తప్పనిసరి. ర్యాంపు కొక్కేలకు పిన్నో గొలుసో ఉండాలి, అంచు మీద ఊరికే ఆనించే ర్యాంపు వద్దు.

ఎక్కించేటప్పుడు పీటీవో (ఇంజను నుంచి మోవర్‌ను తిప్పే షాఫ్టు) ఆపేసి ఉండాలి, మోవర్ పూర్తిగా పైకి, లోయర్ లింకుల (మోవర్‌ను లేపే కింది రెండు చేతుల) చెక్ చైన్లు బిగువుగా. చైన్లు వదులైతే మోవర్ ఊగి టైరుకు కొట్టుకుంటుంది. 4 వీల్ డ్రైవ్ వేయాలి, రివర్స్ లో గేరు పెట్టాలి, రెండు బ్రేక్ పెడళ్ల లాకు కలపాలి. లాకు మరిచి ర్యాంపు మీద ఒక్క పెడలు తొక్కితే బండి పక్కకు తిరుగుతుంది. మధ్యలో క్లచ్ తొక్కవద్దు, గేరు మార్చవద్దు, ఒకే వేగంతో పోనివ్వండి. సైగ చేసే మనిషి ట్రాలీ పక్కన పదడుగుల దూరంలో, డ్రైవర్‌కు కనబడే చోట నిలబడాలి. మోవర్ వెనకా, ర్యాంపు కిందా ఎవరూ ఉండకూడదు.

వానాకాలంలో ఇంకో సంగతి. కోసిన పచ్చి గరిక, తుంగ మోవర్ అడుగున పేరుకుని ర్యాంపు మీద రాలుతాయి. తడి చెక్కర్ ప్లేటు (గుబ్బల ఇనప రేకు) మీద ఆ గడ్డి సబ్బులా జారుతుంది. ర్యాంపులకు చెక్కర్ ప్లేటు తీయించేసి, 3 అంగుళాలకొకటి చొప్పున అడ్డంగా యాంగ్లర్ (ఎల్ ఆకారపు ఇనుము) ముక్కలు వెల్డ్ చేయించాం. గడ్డీ మట్టీ సందుల్లోంచి కిందికి రాలిపోతాయి, టైరు గుబ్బలు దొరకబుచ్చుకుంటాయి. అయినా టైర్లకు పట్టిన మట్టిని పారతో గీకాకే ఎక్కిస్తాం.

పైకి ఎక్కాక మోవర్‌ను గాల్లో వదిలేసి ప్రయాణం చేయవద్దు. ప్లేటు మీద రెండు చెక్కదిమ్మలు వేసి వాటి మీదికి దించాలి. హైడ్రాలిక్ మీదే వదిలితే ప్రతి గుంతకూ ఆ 150 కిలోలు లిఫ్ట్ ఆర్ములను కొడతాయి, సీళ్లు పోతాయి. తరువాత ఇంజను ఆపి, గేరులో పెట్టి, హ్యాండ్‌బ్రేకు వేసి, నాలుగు మూలలా 50 మిల్లీమీటర్ల రాచెట్ బెల్టులు కట్టాలి. ముందు రెండు బంపరు బ్రాకెట్‌కు, వెనక రెండు ఇరుసు గొట్టానికి. స్టీరింగు రాడ్డుకూ బ్రేకు పైపుకూ తగలకుండా చూడండి. మోవర్‌కు అయిదో బెల్టు విడిగా. 2, 3 కిలోమీటర్లు పోయాక ఆగి మళ్లీ బిగించాలి, అప్పటికి టైర్లు సర్దుకుని బెల్టులు వదులవుతాయి.

బండిని ఎక్కడ ఆపాలో కంటితో తేల్చడం సరికాదు. దారిలో ఏదైనా ధర్మకాటాకు (బండ్లు తూచే కాటాకు) వెళ్లి, ముందు మొత్తం ట్రాలీ లోడుతో, హుక్కు విప్పి తూకం వేయించండి. తరువాత హుక్కు తగిలించి ట్రాలీ టైర్లు మాత్రమే కాటా మీద ఉండేలా పెట్టి మళ్లీ చూడండి. రెండింటి తేడానే హుక్కు మీద పడే బరువు. మొత్తంలో అది పదో వంతుకు తగ్గకుండా, ఏడో వంతు దాటకుండా ఉంటే ట్రాలీ తోక ఊపదు. సరిగ్గా కుదిరిన చోట ప్లేటు మీద వెనక టైరు దగ్గర ఎర్ర పెయింటుతో గీత గీశాం. రోజూ అక్కడే ఆపుతాం.

చెడిపోయిన వాటి సంగతి. ర్యాంపు కొక్కేలను 6 మిల్లీమీటర్ల పట్టీతో, ఒక్క వైపే వెల్డ్ చేసి ఇచ్చారు. రెండో వానాకాలంలో ఎడమదానికి వెంట్రుకవాసి పగులు కనబడింది. పెయింటు కింద తుప్పు గీతలా ఉంటుంది, గోటితో గీస్తే తెలుస్తుంది. 10 మిల్లీమీటర్ల పట్టీ వేసి, రెండు వైపులా వెల్డ్ చేసి, మూలకు ముక్కోణం పలక కొట్టించాక మళ్లీ రాలేదు. డబ్బు తీసుకుని అలాంటి వెల్డు ఇవ్వడం దారుణం, మనిషి కాలు ఆధారపడేది దాని మీదే. కమాన్ కట్టల యూ బోల్టులు మొదటి నెలలో రెండుసార్లు వదులయ్యాయి, తరువాత కుదురుకున్నాయి. బేరింగులకు ఏడాదికోసారి గ్రీజు చాలింది. వెనక లైట్ల వైరు కింద వేలాడుతూ రాళ్లకు తెగుతుంది, గొట్టంలో పెట్టించుకోండి. ఓఆర్ఆర్ (ఔటర్ రింగ్ రోడ్డు) సర్వీస్ రోడ్డు మీద చీకటి పడ్డాక వెళ్లాలంటే ఆ లైట్లూ ఎర్ర రిఫ్లెక్టర్ పట్టీలూ ప్రాణాధారం. పెయింటు మామూలు.

దించేటప్పుడు బండి ముక్కు కిందికే ఉంటుంది కాబట్టి తేలిక. తోక కాళ్లు దించాలి, మోవర్ పూర్తిగా లేపాలి, 4 వీల్ డ్రైవ్ వేసి లో ఫస్టులో ఇంజను పట్టు మీదే దిగాలి. కాలు క్లచ్ మీద పెట్టకూడదు. అందరూ తప్పు చేసేది చివర్లో. వెనక చక్రాలు నేలను తాకగానే పని అయిపోయిందని మోవర్ దించే లివరు కిందికి తోస్తారు. అప్పటికి మోవర్ ఇంకా ర్యాంపు పైనే ఉంటుంది. మోవర్ వెనక చిన్న చక్రం ఫోర్కు ర్యాంపు మెట్టులో ఇరుక్కుని, బండి కదలగానే వంగుతుంది. మరో 6 అడుగులు ముందుకు నడిపి, దిగి వెనక్కి చూసి, అప్పుడు మోవర్ దించండి.