బోరు నీళ్ల ఇంట్లో పీహెచ్ 5.5 స్నానపు బార్: ఏళ్ల తరబడి వాడాక

కొనాలా వద్దా అని అడిగేవారికి ముందుగానే చెప్పేస్తాను. పొడిబారి దురద పెట్టే చర్మం ఉన్నవారు, వయసు మీదపడినవారు, బోరు నీళ్లతో స్నానం చేయక తప్పనివారు కొనవచ్చు. చెమట వాసన పోతుందనో, శిలీంధ్రాల (ఫంగస్) వల్ల వచ్చే తామర తగ్గుతుందనో కొంటే మాత్రం డబ్బు దండగ. హైదరాబాద్ శివార్లలో బోరు నీళ్లే దిక్కయిన ఇల్లు మాది. ఈ సిండెట్ (సింథటిక్ డిటర్జెంట్) బార్ మా స్నానాల గదిలోకి వచ్చి చాలా కాలమైంది.

చూడటానికి సబ్బులా ఉన్నా ఇది సబ్బు కాదు. నూనెనో కొవ్వునో కాస్టిక్ సోడాతో కలిపి చేసేది సబ్బు. ఎంత ఖరీదు పెట్టి కొన్నా, ఎన్ని పరిమళాలు అద్దినా, నీళ్లలో దాని పీహెచ్ (ఆమ్ల, క్షార గుణాల కొలత; 7 కన్నా తగ్గితే ఆమ్లం, పెరిగితే క్షారం) 9, 10 దగ్గర ఉంటుంది. మన చర్మం పైపొరది సుమారు 5. పీహెచ్ ఒక్క అంకె పెరిగితే ఆమ్లత పదో వంతుకు పడిపోతుంది కాబట్టి 5కీ 10కీ మధ్య తేడా లక్ష రెట్లు! సిండెట్‌లో సోడియం కోకాయిల్ ఐసెథియోనేట్ వంటివి మురికిని వదిలిస్తాయి. వాటికి క్షారంతో పని లేదు, అందుకే బార్‌ను 5.5 దగ్గర నిలపగలుగుతారు.

పెట్టె మీద రాసింది నిజమో కాదో ఇంట్లోనే చూసుకోవచ్చు. తెల్లటి నూలు గుడ్డకు పసుపు నీళ్లు పట్టించి ఆరబెట్టి, దాని మీద తడి సబ్బు రుద్దండి. రుద్దినంత మేర పారాణి రంగుకు తిరుగుతుంది. పసుపులో సున్నం కలిపినా ఎర్రబడేది ఇందుకే, క్షారం తగలడం వల్ల. పక్కనే సిండెట్ బార్ రుద్దితే పసుపు పసుపుగానే ఉంది. ఎర్రబడిన చోట నిమ్మరసం చుక్క వేస్తే మళ్లీ పాత రంగు వచ్చింది. ‘చర్మానికి మృదువైనది’ అని గొప్పగా రాసుకున్న బార్లు కొన్ని ఆ గుడ్డను ఎర్రగా చేసి పెట్టాయి. మా అమ్మ తలకు వాడే కుంకుడు రసం మాత్రం రంగు మార్చలేదు. అయితే పీహెచ్ 7 ఉన్న బార్‌కు కూడా పసుపు మారదు. 7కీ 5.5కీ తేడా తెలియాలంటే పీహెచ్ కాగితాలు కొనాల్సిందే. టీఎఫ్ఎం 76 శాతం ఉన్న మొదటి గ్రేడు సబ్బు కాబట్టి మంచిదే అనుకునేవారు చాలామంది. అది సబ్బులోని కొవ్వు పదార్థం లెక్క, క్షారగుణం సంగతి అది చెప్పదు.

చర్మానికి ఈ పులుపు చెమట ఒక్కదాని వల్లే రాదు. చెమటలోని లాక్టిక్ ఆమ్లం, చర్మపు జిడ్డు నుంచి విడిపడే కొవ్వు ఆమ్లాలు, పైపొరలో ఫిలాగ్రిన్ అనే ప్రోటీను విరిగినప్పుడు పుట్టే ఆమ్లాలు అన్నీ కలిస్తే వస్తుంది. 1928లోనే జర్మనీలో షాడె, మార్కియోనీని అనే ఇద్దరు వైద్యులు దీన్ని ఆమ్ల కవచమని వర్ణించారు. చర్మంలో తేమను ఆపే సెరమైడ్లను తయారు చేసే ఎంజైములకు ఈ ఆమ్లత కావాలి. పీహెచ్ పెరిగితే వాటి పని మందగిస్తుంది, పైపొర కణాలను విడదీసే ఎంజైములు జోరందుకుంటాయి. ఆరోగ్యంగా ఉన్న చర్మం కొన్ని గంటల్లో సర్దుకుంటుంది. వృద్ధుల్లో, ఎగ్జిమా (చర్మం పొడిబారి ఎర్రబడి దురద పెట్టే జబ్బు) ఉన్నవారిలో అది ఆలస్యమవుతుంది.

మా ఇంట్లో తేడా బాగా తెలిసింది నాన్నగారికి. డెబ్బై దాటిన మనిషి. చలికాలం వచ్చిందంటే పిక్కల మీద చర్మం ఎండిన చెరువులా నెర్రెలిచ్చేది, గోటితో గీస్తే తెల్లటి చార పడేది, రాత్రి నిద్రలో గోక్కుంటే తెల్లారి పంచెకు రక్తపు మరకలు. మొదట్లో ఆయనకు ఈ బార్ నచ్చలేదు. “ఒంటికి జిడ్డు వదలనట్టే ఉందిరా, ఇంకో నాలుగు చెంబులు పోసుకున్నాను” అనేవారు. సబ్బుతో కడిగాక చర్మం కిర్రుమంటే శుభ్రపడినట్టు మనకు లెక్క. బోరు నీళ్లలోని కాల్షియం, మెగ్నీషియం సబ్బుతో కలిసి తెల్లటి తెట్టు కడతాయి. బకెట్ అంచు చుట్టూ పేరుకునేది అదే, కొంత ఒంటి మీదా మిగులుతుంది. సిండెట్‌తో ఆ తెట్టు రాదు. చర్మం నున్నగా జారుతున్నట్టు అనిపిస్తుంది, అది అలవాటు కావాలి. స్నానం తర్వాత కొబ్బరి నూనె అప్పుడూ రాసేవాళ్లం, ఇప్పుడూ రాస్తున్నాం. మారింది బార్ ఒక్కటే. నెర్రెలు పూర్తిగా పోలేదు కానీ రక్తం వచ్చేలా గోక్కోవడం ఆగింది. నాకు అదే పెద్ద సంగతి.

ఎండాకాలానికి మాత్రం దీని మీద ఆశ పెట్టుకోకండి. కొద్దికొద్దిగా పట్టే చెమట ఆమ్లంగా ఉంటుంది. ధారగా కారేటప్పుడు స్వేద నాళానికి బైకార్బొనేట్ అనే క్షార పదార్థాన్ని వెనక్కి పీల్చుకునే వ్యవధి ఉండదు, దాంతో చెమట పీహెచ్ పెరుగుతుంది. చంకల్లో, గజ్జల్లో, కాలివేళ్ల సందుల్లో చర్మం మామూలు రోజుల్లోనే మిగతా ఒంటికన్నా తక్కువ ఆమ్లంగా ఉంటుంది. వాసన పుట్టించే బాక్టీరియా, శిలీంధ్రాలు చేరేది అక్కడే. రుద్ది కడిగేసే బార్ అక్కడ చేయగలిగింది తక్కువ. తడి లేకుండా తుడుచుకోవడం, నూలు బట్టలు కట్టడం నాకు ఎక్కువ పనికొచ్చాయి. తామర అయితే చర్మ వైద్యుల దగ్గరికే వెళ్లాలి. ఆమ్లం మంచిదన్నారు కదా అని కొందరు నిమ్మరసం ఒంటికి రాసుకుంటున్నారు. దయచేసి ఆ పని చేయకండి. దాని పీహెచ్ 2 పైచిలుకు, పైగా రసం ఉన్న చోట ఎండ తగిలితే బొబ్బలెక్కి నల్లమచ్చలు పడతాయి.

ధర మామూలు సబ్బుకు ఎన్నో రెట్లు. తడిలో వదిలేస్తే ఊరికే మెత్తబడి కరిగిపోతుంది, అడుగున చిల్లులున్న పెట్టె తప్పనిసరి. అందుకే నాన్నగారికి ఏడాది పొడవునా, నాకు చలికాలంలో మాత్రమే ఇది వాడుతున్నాం. చేతులు కడుక్కోవడానికి సింకు దగ్గర ఉండేది మామూలు సబ్బే. క్రిములను వదిలించడంలో అది దేనికీ తీసిపోదు.