ఇంటి షెడ్డులో ఇంజను క్రేన్: ఏళ్ల తరబడి వాడాక చెబుతున్న మాట

ఇంటి దగ్గర కారు ఇంజను దించాలనుకునేవారు డబ్బు దాచుకోవలసింది మంచి మడత క్రేన్ కోసం. పానాలు ఎవరినైనా అడిగి తెచ్చుకోవచ్చు. 2019లో విజయవాడ ఆటోనగర్‌లో కొన్న రెండు టన్నుల క్రేన్‌ను ఇప్పటికీ వాడుతున్నాను. షెడ్డు దూలానికి చైన్ పుల్లీ కట్టి ఇంజను లేపే పద్ధతి నాకు మొదటి నుంచీ నచ్చదు. దూలం ఎంత బరువు మోస్తుందో మనకు తెలియదు. పైగా ఇంజను గాలిలో ఉండగా కారును కింద నుంచి వెనక్కి తోయాలి.

రెండు టన్నులు అన్న అంకెను మాత్రం అర్థం చేసుకుని కొనాలి. క్రేన్ చేతిని పూర్తిగా లోపలికి నెట్టినప్పుడే ఆ బలం. చేతిని ఒక్కో రంధ్రం మేర బయటికి లాగేకొద్దీ అది ఒకటిన్నర, ఒకటి, చివరికి అర టన్నుకు పడిపోతుంది. బంపరు దాటి ఇంజను నడినెత్తికి చేరాలంటే చేతిని లాగక తప్పదు. చిన్న పెట్రోలు ఇంజనుకు అర టన్ను ధారాళంగా చాలు. ఒక టన్ను క్రేన్‌కు చెయ్యి పూర్తిగా లాగాక ఆ అర టన్ను బలం కూడా మిగలదు. అందుకే చవక కదా అని దాన్ని తీసుకోవద్దంటాను.

దాని అసలు పరీక్ష 2024 సెప్టెంబరులో వచ్చింది. బుడమేరు పొంగి సింగ్‌నగర్ మునిగినప్పుడు మా షెడ్డులో నీరు బానెట్ దాకా నిలిచింది. లోపల నా శాన్ స్టార్మ్ ఉంది: గోవాలో తయారైన రెండు సీట్ల స్పోర్ట్స్ కారు, రెనో వారి 1149 సీసీ ఇంజను, 60 హార్స్‌పవర్. ఫైబర్ బాడీ కావడంతో పైన తుప్పు బెడద లేదు, కానీ ఇంజనులోకి బురదనీరు చేరింది. మునిగిన బండికి తాళం తిప్పకూడదు. గాలిని నొక్కితే కుదించుకుంటుంది, నీరు కుదించుకోదు. సిలిండరులో నీరుండగా పిస్టన్ పైకి వస్తే కనెక్టింగ్ రాడ్ వంగుతుంది. ప్లగ్గులు విప్పి, క్రాంకును చేత్తో తిప్పి నీరంతా బయటికి పంపాకే దించే పని మొదలుపెట్టాను.

క్రేన్ కూడా మునిగింది. దాని చేతిని పైకి లేపే జాకీలో నూనె పాలలా తెల్లబడింది. పాత నూనె పూర్తిగా తీసి హైడ్రాలిక్ ఆయిల్ పోశాను. బ్రేక్ ఆయిల్ పోయమని చెప్పేవారుంటారు, వినవద్దు. అది లోపలి రబ్బరు సీళ్లను ఉబ్బించి పాడుచేస్తుంది.

ఈ కారు నేలకు దగ్గరగా ఉంటుంది, క్రేన్ కాళ్లు కిందికి దూరవు. స్టాండ్ల మీద ఎత్తాలి. ఎత్తితే, ఇంజను బానెట్ అంచు దాటడానికి క్రేన్ చెయ్యి అంత పైకీ వెళ్లాలి. కొనే ముందు కాళ్ల మందం, చెయ్యి చేరే ఎత్తు రెండూ టేపుతో కొలుచుకోండి. గేరుబాక్సుతో కలిపి తీసేటప్పుడు ఇంజనును ఏటవాలుగా వంచాలి కాబట్టి వాలు సరిచేసే మరచట్రం (లోడ్ లెవెలర్) విడిగా కొన్నాను. అది లేకుండా గొలుసు ఫైబర్‌కు తగలకుండా చూడడం కష్టం. ఏసీ కంప్రెసర్‌ను గొట్టాలు విప్పకుండా పక్కకు తీసి కట్టేస్తే గ్యాస్ పోదు.

నాకున్న పెద్ద ఫిర్యాదు, దించే వాల్వు. పావు తిప్పు తిప్పితే ఇంజను జర్రున జారుతుంది. వెంట్రుకవాసి చొప్పున తిప్పడం చేతికి అలవాటు కావాలి. చక్రాలూ చిన్నవి. మా షెడ్డులో షాబాదు బండల సందుల్లో అవి ఇరుక్కుంటాయి, ప్లైవుడ్ పరిచి నడిపిస్తున్నాను.

బిగించేటప్పుడు మాత్రం ఈ క్రేన్ విలువ తెలిసింది. వరద నీటికి క్లచ్ ప్లేటు ఫ్లైవీలుకు అతుక్కుపోయింది. కొత్త ప్లేటు వేసి, సరిగ్గా మధ్యకు కుదిర్చి, గేరుబాక్సును ఇంజనుకు చేర్చేటప్పుడు రెండూ ఒకే ఎత్తులో, ఒకే వాలులో నిలవాలి. మా తమ్ముడు సందులోకి టార్చి పట్టుకుని "అన్నయ్యా, ఇంకొక్క పిసరు దించు" అంటూ ఉంటే, ఆ పిసరే దించి ఆపగలిగాను. ఆ సందు చేత్తో తోస్తే మూసుకోవాలి. బోల్టులు బిగించి లాగితే గేరుబాక్సు చెవి విరుగుతుంది. ఫౌండేషన్ల (ఇంజనును కారుకు పట్టి ఉంచే మౌంట్ల) బోల్టులన్నీ వదులుగా ఎక్కించి, బరువు వాటి మీద కూర్చున్నాకే బిగించాలి.

ఈ ఇంజను విడిభాగాలు ఇక్కడ అడిగితే దొరకవు. కానీ ఆయిల్ సీళ్లు లోపలి, బయటి కొలతలను బట్టి, బేరింగులు వాటి మీది నంబరును బట్టి ఆటోనగర్‌లో తెచ్చుకోవచ్చు. టైమింగ్ బెల్టు బాగానే కనిపించినా నీటిలో నానింది కనుక మార్చేశాను.

పని లేనప్పుడు క్రేన్ చేతిని పూర్తిగా దించి ఉంచండి. జాకీ కడ్డీ బయట ఉంటే మన ఉక్కపోతకు తుప్పు పడుతుంది, ఆ గరుకు సీలును కోసేస్తుంది.