అమ్మ ముక్కు ముట్టుకోకుండానే నెగటివ్ ఇచ్చారు: ఆ 599 హోమ్ కలెక్షన్ వాళ్లతో జాగ్రత్త

ఇంటికొచ్చి 599 రూపాయలకే కోవిడ్ పరీక్ష (ఆర్‌టీపీసీఆర్) చేస్తామంటున్న ఆ ఆఫర్ వాళ్ల గురించే. ఎవరు అని అడక్కండి. హైదరాబాద్‌లో నిజాంపేట, ప్రగతినగర్ వైపు ఉన్నవాళ్ల వాట్సాప్‌కి ఈ 2022 జనవరి పది రోజుల్లో ఒక్కసారైనా వచ్చే ఉంటుంది. "ఇంటికే వచ్చి ఆర్‌టీపీసీఆర్, 24 గంటల్లో రిపోర్ట్, టెన్షన్ లేకుండా పండక్కి ఊరెళ్లండి." నాకు పంపింది మా బావమరిది. వాడి సంగతి తర్వాత చూస్తాను.

మా ఆవిడకు ఆదివారం నుంచి గొంతు నొప్పి, ఒళ్లు నొప్పులు. వెంటనే వేరే గదిలో ఉంది. భోగికి అమలాపురం దగ్గర మా ఊరెళ్లాలి, అక్కడ మా నాన్నమ్మకు ఎనభై అయిదేళ్లు. ఎక్కడ చూసినా కోవిడ్ కొత్త రకం ఒమిక్రాన్ గోల. అందుకని నలుగురికీ చేయించేద్దామనుకున్నాను. నేను, ఆవిడ, అయిదేళ్ల మా బుడ్డోడు, అమ్మ. లక్షణాలు లేని కాంటాక్టులకు, అంటే రోగికి దగ్గరగా మసిలినవాళ్లకు, పెద్ద వయసో జబ్బో ఉంటే తప్ప పరీక్ష అక్కర్లేదని సోమవారమే కేంద్ర వైద్య పరిశోధన సంస్థ ఐసీఎంఆర్ చెప్పింది. అమ్మకు షుగర్ ఉంది కాబట్టి సరే. నాకూ బుడ్డోడికీ దండగ. ఆఫర్ అనేసరికి ఇవేవీ బుర్రకెక్కలేదు.

మంగళవారం, అంటే జనవరి 11న, పదిన్నరకి కుర్రాడొచ్చాడు. 599 కాస్తా గుమ్మం దగ్గరే 799 అయింది. మనిషికి 200 పీపీఈ కిట్ ఛార్జీ అట. వాడు వేసుకున్నది ఒక్క కిట్, వసూలు నాలుగుసార్లు. తెలంగాణలో 2022 నాటి రేటు ప్రకారం ఇంటికొచ్చి తీస్తే 750 దాటకూడదని నాకు తెలుసు. తెలిసీ 3196 ఫోన్‌పే కొట్టాను, ఎవరో మనిషి పేరున్న నంబరుకి. గదిలోంచే ఆవిడ "ల్యాబ్ పేరు రావాలి కదండీ?" అంది. "అన్నీ ఇంతేలే" అన్నాను. ఇంట్లో తెలివైనవాణ్ణి నేనే కదా!

ముగ్గురివి తీశాడు. బుడ్డోడు గింజుకుంటుంటే వాడి రెండు చేతులూ నేనే పట్టుకున్నాను. అమ్మ పూజలో ఉంది. "మధ్యలో లేచి ముక్కులో పుల్ల పెట్టించుకోను, ఆగమను" అంది. కుర్రాడు అయిదు నిమిషాలు నిలబడి, "అమ్మగారిది రేపొచ్చి తీస్తా సర్" అని వెళ్లిపోయాడు. మర్నాడు ఎవరూ రాలేదు.

బుధవారం రాత్రి పీడీఎఫ్‌లు వచ్చాయి. ఆవిడది ఒక్కటే తెరిచాను. నాట్ డిటెక్టెడ్. అంతే, మూడు రోజులుగా గదిలో ఉన్న మనిషి బయటికొచ్చింది. అమ్మా తనూ పక్కపక్కన కూర్చుని అరిసెలు వత్తారు. ఇంకా మాస్క్ ఎందుకు, తీసెయ్ అన్నది నేనే.

గురువారం ముక్కోటి ఏకాదశి. ఉపవాసం ఉన్న అమ్మ మధ్యాహ్నం అడిగింది, "ఆ అబ్బాయి నాది తియ్యడానికి ఎప్పుడొస్తాడ్రా?" అని. అప్పుడు ఫోన్ మళ్లీ చూస్తే పీడీఎఫ్‌లు మూడు కాదు, నాలుగు. నాలుగోదాంట్లో అమ్మ పేరు, వయసు 66, శాంపిల్: ముక్కు, గొంతు స్వాబ్. తీసిన సమయం ఉదయం 10:42. ఆ సమయానికి అమ్మ తలుపేసుకుని విష్ణు సహస్రనామం చదువుతోంది. ఫలితం: నాట్ డిటెక్టెడ్.

ఫోన్ చేశాను. ఒకమ్మాయి ఎత్తింది. మొత్తం చెప్పాను. కాసేపు ఏమీ మాట్లాడలేదు, తర్వాత ఏమందో ఉన్నదున్నట్టు రాస్తున్నాను:

"నెగటివే కదా సర్ వచ్చింది. మీకేంటి ప్రాబ్లమ్? పాజిటివ్ కావాలా?"

తియ్యని శాంపిల్‌కి రిపోర్ట్ ఎలా ఇచ్చారమ్మా అంటే "సిస్టమ్‌లో అప్‌డేట్ అయిపోయి ఉంటుంది సర్" అంది. డబ్బులు అడిగితే "రిపోర్ట్ జనరేట్ అయ్యాక రిఫండ్ ఉండదు సర్". రిపోర్ట్ రావడమే నా ఫిర్యాదు, అదే రిఫండ్ ఇవ్వకపోవడానికి కారణం! గట్టిగా అరిచాను. "సరే సర్, అమ్మగారిది డిలీట్ చేస్తాం" అని పెట్టేసింది. అయిదు నిమిషాల్లో లింక్ పోయింది కూడా. ఆ చురుకుదనం మాత్రం మెచ్చుకోవాలి.

ఇదంతా విని అమ్మ, "ముక్కు చూడకుండానే చెప్పాడంటే వాడు దేవుడేరా" అంది. నాకు నవ్వు రాలేదు. ఎందుకంటే అప్పుడే ఇంకోటి తట్టింది. అమ్మది ఇలా ఇచ్చినవాళ్లు మిగతా మూడూ మాత్రం పరీక్ష చేశారని ఏంటి నమ్మకం? ట్యూబుల మీద వాడు పేర్లు రాయలేదు, "తర్వాత రాసుకుంటా" అన్నాడు. ఐస్ బాక్స్ లేదు. చల్లగా వెళ్లాల్సిన శాంపిళ్లు బ్యాక్‌ప్యాక్‌లో, వాడి టిఫిన్ బాక్స్ పక్కన. ఇవన్నీ నా కళ్ల ముందే జరిగాయి. రిపోర్టు మీద ఎస్‌ఆర్‌ఎఫ్ నంబరు (2022లో కోవిడ్ శాంపిల్‌ ప్రభుత్వ రికార్డులో నమోదైతే వచ్చే నంబరు) లేదు, క్యూఆర్ కోడ్ స్కాన్ చేస్తే మళ్లీ ఆ 599 ప్రకటనే తెరుచుకుంటోంది.

ఆ సాయంత్రమే మా ఆవిణ్ణి వేరే ల్యాబ్‌కి తీసుకెళ్లాను. రెండు గంటలు లైన్లో నిలబడి, 500 కట్టి, రసీదు తీసుకుని శాంపిల్ ఇచ్చాం. ఇవాళ, భోగి రోజు, రిపోర్ట్ వచ్చింది. పాజిటివ్, సీటీ (పరీక్షలో వైరస్ ఎన్ని విడతలకు దొరికిందో చెప్పే అంకె) 21. ఈ నంబరు ఎంత తక్కువుంటే వైరస్ అంత ఎక్కువ, 35 వరకూ పాజిటివ్ కిందే లెక్క. స్వాబ్ సరిగ్గా పడకపోతే అసలు పరీక్ష కూడా ఒక్కోసారి తప్పుతుంది, అది నాకు తెలుసు. అలా తప్పి ఉంటే నోరెత్తేవాణ్ణి కాదు. ముక్కే లేని రిపోర్టు గురించి కదా నా గోల.

అమ్మకు పొద్దున్నుంచి గొంతు గరగర. తనదీ ఇచ్చి వచ్చాం. ఈసారి మాట్లాడకుండా తల ఎత్తి కూర్చుంది. ఊరి ప్రయాణం లేదు, బుడ్డోడికి భోగిపళ్లు లేవు, డబ్బాడు అరిసెలు ఎవరూ ముట్టకుండా ఉన్నాయి.

చేయించుకోవాల్సినవాళ్లు ఎవరైనా ఉంటే, శాంపిల్ తీశాకే డబ్బులివ్వండి, అదీ ల్యాబ్ పేరు మీద. ట్యూబ్ మీద పేరు మీ ముందే రాయించండి. ఎస్‌ఆర్‌ఎఫ్ నంబరు లేని కాగితం నమ్మి గదిలో ఉన్న మనిషిని బయటికి రమ్మనకండి. ఓపికుంటే ల్యాబ్‌కే వెళ్లండి.

వాళ్లు లింక్ తీసేశారు గానీ అమ్మ పీడీఎఫ్ నా ఫోన్లో ఉంది. కంప్లైంట్ పెట్టేవాళ్లు ఇంకెవరైనా ఉంటే చెప్పండి, పంపుతాను. బావమరిదికి ఇప్పటికే పంపాను. బ్లూ టిక్ పడింది, జవాబు రాలేదు.