అలాస్కాలో మోటార్‌హోమ్: సెవార్డా, డెనాలీనా?

అమెరికాలో పిల్లల దగ్గరికి వెళ్లే తిరుపతి అమ్మానాన్నలు ఈమధ్య అలాస్కా కూడా చూడాలంటున్నారు. యాంకరేజ్‌లో మోటార్‌హోమ్ (పడక, వంటిల్లు ఉండే బండి) అద్దెకు తీసుకున్నాక ఎటు పోవాలన్నదే టెన్షన్.

దక్షిణాన సెవార్డ్ అనే రేవు ఊరు సుమారు 205 కిలోమీటర్లు, మనకు తిరుపతి నుంచి చెన్నై దూరానికి దాదాపు ఒకటిన్నర రెట్లు. టర్నగేన్ ఆర్మ్ వెంబడి ఒకపక్క కొండ, ఇంకోపక్క సముద్రపు పాయ. వేసవి చివర్లో తెల్లటి బెలూగా తిమింగలాలు రోడ్డు మీంచే కనిపించొచ్చు. నీళ్లు వెనక్కి తగ్గినప్పుడు బూడిదరంగు బురద తేలుతుంది. పైకి గట్టిగానే ఉంటుంది కానీ కాలు పెడితే కూరుకుపోతుంది. దయచేసి ఫోటో కోసం కూడా దిగకండి.

ఉత్తరాన డెనాలీ నేషనల్ పార్కు, సుమారు 380 కిలోమీటర్లు. అక్కడి 6,190 మీటర్ల డెనాలీ శిఖరాన్ని చాలా రోజులు మబ్బులే కప్పేస్తాయి. పార్కులో మామూలుగా సొంత బండి 24 కిలోమీటర్ల వరకే, ఆపైన బస్సు. ఎలుగుబంట్లు తిరిగే చోటు కాబట్టి పులిహోర గిన్నె, ఊరగాయ సీసా తిన్న వెంటనే బండిలో పెట్టి తలుపు వేసేయాలి.

మోకాళ్ల నొప్పులున్న పెద్దవాళ్లతో అయితే నా ఓటు సెవార్డ్‌కే. మబ్బు విడిచేదాకా రెండు మూడు రాత్రులు ఆగగలిగితేనే డెనాలీ పెట్టుకోండి.