మిస్టర్ సూపర్ క్లియర్, పాస్టెల్స్: ఆరేళ్లు వాడాక, అదీ విశాఖ ఉక్కపోతలో

ముందే చెప్పేస్తున్నా, డబ్బా తెరిచిన వారానికే రాస్తున్న సమీక్ష కాదిది. బీజేడీ బొమ్మలకి రంగులు వేయడం నా పిచ్చి, ఆరేళ్లలో ఎనిమిది బొమ్మ తలలు, రెండు పూర్తి ఒళ్లు చేశాను. అందులో ఒక తలనైతే నాలుగుసార్లు తుడిచేసి మళ్లీ మొదటికొచ్చాను. ఖాళీ చేసిన స్ప్రే డబ్బాలు ఏడు. ఉండేది విశాఖలో, సముద్రానికి కిలోమీటరు దూరం కూడా లేని అపార్ట్‌మెంట్‌లో. ఇల్లెక్కడో ఎందుకు చెబుతున్నానో కాసేపట్లో మీకే తెలుస్తుంది.

బీజేడీ అంటే తెలియనివాళ్లకి రెండు ముక్కలు. బాల్ జాయింటెడ్ డాల్. పాలీయురెథేన్ రెజిన్ అనే గట్టి ప్లాస్టిక్‌తో పోతపోసిన బొమ్మ, కీళ్ల దగ్గర గుండ్లు, లోపల ఎలాస్టిక్ తాడు, ఎలా కూర్చోబెడితే అలా కూర్చుంటుంది. 1999లో జపాన్ కంపెనీ వోక్స్ సూపర్ డాల్ఫీ పేరుతో అమ్మడం మొదలుపెట్టాక ఈ పిచ్చి ఊపందుకుంది, ఆ తర్వాత కొరియా వాళ్లు అందుకున్నారు. పెద్దవి 60 సెంటీమీటర్లు, కొన్ని అంతకంటే ఎక్కువ కూడా ఉంటాయి. రంగులు వేయకుండా తెప్పించుకుంటే బొమ్మ ముఖం ఒలిచిన కోడిగుడ్డులా ఉంటుంది, కనుబొమ్మలు కూడా ఉండవు. దానికి ప్రాణం పోసే పనిని ఫేసప్ అంటారు. చేతులు, మోకాళ్లు, మడమల దగ్గర ఎరుపుఛాయ అద్దితే బాడీ బ్లషింగ్. మా అమ్మ మాత్రం రెండింటినీ కలిపి "ఆ ముస్తాబేదో నీకు చేసుకోవచ్చు కదే" అంటుంది.

ఇక అసలు విషయం, సీలెంట్, అంటే వేసిన రంగు ఊడిపోకుండా పైన కొట్టే స్ప్రే. నేను వాడేది జీఎస్ఐ క్రియోస్ వాళ్ల మిస్టర్ సూపర్ క్లియర్, యూవీ కట్ ఫ్లాట్ (ఎండలోని యూవీ కిరణాలని అడ్డుకునే, మెరుపు లేని రకం), నంబర్ బి-523, 170 మిల్లీలీటర్ల డబ్బా. నిజానికి ఇది ప్లాస్టిక్ విమానాలు, రోబోలు అతికించుకునేవాళ్ల సరుకు, నేను కొనేదీ స్కేల్ మోడల్స్ అమ్మేవాళ్ల దగ్గరే. రెజిన్ నున్నగా ఉంటుంది, దాని మీద పాస్టెల్ (సుద్దలాంటి రంగు పుల్ల) పొడి అద్దితే గాజు మీద బలపంతో రాసినట్టే, పట్టదు. ఫ్లాట్ సీలెంట్ ఒక పొర కొడితే ఆ నునుపు పోయి పలకలా గరుకు వస్తుంది, అప్పుడు పొడి పట్టుకుంటుంది. పొడి అద్దాలి, మళ్లీ సీల్ కొట్టాలి, పైన ఇంకో పొర పొడి, మళ్లీ సీల్. నాకు ముఖానికి కనీసం నాలుగు పొరలు పడతాయి. మొదటి పొరకి ఇంకో ఉపయోగం కూడా ఉంది, ఎరుపు రంగులు రెజిన్‌లోకి ఇంకకుండా అడ్డుపడుతుంది. పెదాలకి నేరుగా ఎర్ర పొడి అద్ది, ఆ తర్వాత మనసు మార్చుకున్నారా, ఆ గులాబీ మరక ఎంత రుద్దినా అక్కడే ఉంటుంది.

ఆరిన తర్వాత దీని పూత చూస్తే మాత్రం ఇంకేదీ నచ్చదు. పౌడరు రాసుకున్న చర్మంలా ఉంటుంది, మెరుపు ఉండదు, మందంగా అట్టకట్టినట్టూ ఉండదు. వాటర్‌కలర్ పెన్సిల్‌తో కనుబొమ్మ వెంట్రుకలు ఒక్కొక్కటిగా గీస్తే గీత తెగకుండా వస్తుంది. తప్పుపోతే తడి ఇయర్ బడ్‌తో ఆ గీత ఒక్కటే తుడుచుకోవచ్చు, కింద సీల్ చేసిన పొర కదలదు. కొత్తవాళ్లకి ఇది పెద్ద ధైర్యం. నా మొదటి జత కనుబొమ్మలకి మూడు గంటలు పట్టింది, అయినా ఒకటి పైకీ ఒకటి కిందకీ వచ్చాయి, అది వేరే సంగతి.

సమస్యల్లా గాలిలో తేమ. లాకర్ (lacquer, గట్టిగా ఆరే పూత) స్ప్రేలన్నిటికీ ఉన్న గుణమే ఇది. అందులోని సాల్వెంట్, అంటే పూతని పల్చగా ఉంచే ద్రవం, గబగబా ఆవిరవుతూ ఉపరితలాన్ని చల్లబరుస్తుంది, గాలిలో తేమ ఎక్కువుంటే అది పూత మీద చేరి తెల్లటి పొగమంచులా నిలిచిపోతుంది. లాకర్ పని చేసేవాళ్లు ఈ లోపాన్ని కూడా ఇంగ్లీషులో బ్లషింగ్ అనే అంటారట, మనం బుగ్గలకి అద్దేదీ బ్లషింగే, ఈ రెండో బ్లషింగ్ మొదటిదాన్ని మింగేస్తుంది. మొదటి ఏడాది శ్రావణంలో, వాన తెరిపిచ్చింది కదా అని బాల్కనీలో కొట్టేశాను. పావుగంటలో బొమ్మ ముఖం మీద విభూతి పూసినట్టయింది. తప్పు డబ్బాది కాదు, పూర్తిగా నాదే. ఆ రాత్రి నిద్ర పట్టలేదు. తర్వాత తెలిసిన కిటుకు ఏంటంటే, పొడి వాతావరణం ఉన్న రోజు చూసుకుని పైన ఇంకో పలుచని పొర కొడితే కింది పొర కొద్దిగా కరిగి, ఆ తెలుపు చాలామటుకు విడిపోతుంది. నాకు రెండుసార్లు పనిచేసింది, మూడోసారి పనిచేయలేదు, తుడిచేసుకున్నాను.

అప్పటినుంచి తేమ చూపించే చిన్న మీటరు ఒకటి కొని బాల్కనీ గోడకి తగిలించాను. 60 శాతం లోపు చూపిస్తేనే డబ్బా ముట్టుకుంటాను. విశాఖలో అంటే డిసెంబరు నుంచి ఫిబ్రవరి దాకా, అదీ మధ్యాహ్నం పూట. మిగతా నెలల్లో నా పని గీతలు ప్రాక్టీసు చేసుకోవడం, విగ్గులు దువ్వుకోవడం. ఎప్పుడైనా తొందరుంటే తలలన్నీ మెత్తటి గుడ్డలో చుట్టి స్టీలు టిఫిన్ డబ్బాలో పెట్టుకుని హైదరాబాద్‌లో అక్క వాళ్లింటికి పోతాను, అక్కడ వేసవిలో గాలి పొడిగా ఉంటుంది. స్ప్రే డబ్బా మాత్రం రైల్లో తీసుకెళ్లను, మండే సరుకు కదా, ఒకటి అక్కడే అక్క దగ్గర ఉంచేశాను. ఒకసారి గోదావరి ఎక్స్‌ప్రెస్‌లో ఎదుటి సీటు పెద్దాయన "ఏం తెచ్చుకున్నావమ్మా, పులిహోరా?" అని అడిగితే ఏం చెప్పాలో తెలియక అవునండీ అనేశాను.

కొట్టే పద్ధతి గురించి కూడా చెప్పాలి. డబ్బాను రెండు నిమిషాలు బాగా ఊపాలి, చేయి నొప్పెట్టాలి. దూరం 20 నుంచి 30 సెంటీమీటర్లు, అంటే నా లెక్కలో ఒక జానెడున్నర. దగ్గరైతే తడిసి మెరుస్తుంది, అద్దిన పొడి కరిగి మచ్చలవుతుంది. మరీ దూరమైతే తుంపరలు గాలిలోనే ఎండిపోయి ముఖం మీద ఇసుక రాలినట్టు పడతాయి. ముఖం పక్కన ఖాళీలో మీట నొక్కడం మొదలుపెట్టి, ముఖం మీదుగా దాటించి, అవతల ఖాళీలోకి వచ్చాకే వదలాలి. రెండు పొరల మధ్య అరగంట ఆగాలి. అయిపోయాక డబ్బా తలకిందులు చేసి ఒక్క క్షణం నొక్కి నాజిల్ ఖాళీ చేయాలి. ఒకసారి బద్ధకించి అలాగే పెట్టేశాను, మరుసటి సారి నాజిల్ ఉమ్మినట్టు చుక్కలు చుక్కలుగా పడింది, బుగ్గ మీద మశూచి మచ్చలు.

మాస్కు లేకుండా దీని జోలికి పోవద్దు, ఇందులో మొహమాటం లేదు. ఘాటు థిన్నర్, నెయిల్ పాలిష్ కలిపినట్టుంటుంది. కరోనాప్పటి ఎన్95 ఇంట్లో ఉంది కదా అనుకుంటారు, అది ధూళిని ఆపుతుంది కానీ సాల్వెంట్ ఆవిరిని ఆపదు. నేను వాడేది 3ఎం 6200 హాఫ్ మాస్కు, దానికి ఆర్గానిక్ వేపర్ కార్ట్రిడ్జ్‌లు 6001, తుంపరల కోసం వాటి మీద 5ఎన్11 ఫిల్టరు. మాస్కు పెట్టుకున్నా వాసన తెలుస్తోందంటే, ముఖానికి సరిగ్గా బిగుసుకోలేదు, లేదంటే కార్ట్రిడ్జ్ పని అయిపోయింది. ఊరికే బయట పడేసినా కార్ట్రిడ్జ్ గాలిలోని ఆవిరులని పీల్చుకుంటూనే ఉంటుంది కాబట్టి జిప్ కవర్లో పెట్టి దాచుకోవాలి. ఇంట్లో కొట్టొద్దు. నేను టెర్రస్ మీదికి పోతాను. మాఘమాసంలో మూడో అంతస్తు పిన్నిగారు అక్కడ మినప వడియాలు పెట్టుకుంటారు, మొదటి ఏడాది నన్ను ఆ మాస్కులో చూసి హడలిపోయారు. ఇప్పుడు ఒప్పందం ఏమిటంటే, వడియాలున్న రోజు నేను ఎక్కను.

పాస్టెల్స్‌కి వద్దాం. ఇక్కడ చాలామంది చేసే తప్పు, స్కూల్లో మనందరం వాడిన ఆయిల్ పాస్టెల్స్ కొనడం. అవి పనికిరావు, అందులో జిడ్డు ఎన్నటికీ ఆరదు. కావలసింది సాఫ్ట్ పాస్టెల్స్, సుద్దలా పొడిపొడిగా ఉండేవి. బ్లేడుతో గీకి పొడి చేసుకుని మెత్తటి కుంచెతో అద్దాలి. మొదట్లో ఒక చవక సెట్టు కొన్నాను, 48 రంగులు, పేరు చెప్పను, అందులో రంగు కంటే సుద్దే ఎక్కువ, ఎంత అద్దినా పిండిలా రాలిపోయేది. తర్వాత రెంబ్రాంట్ పుల్లలు విడిగా ఆరు కొన్నాను, ఇన్నేళ్లయినా ఒక్కటీ సగం అరగలేదు. గీకేది చిటికెడే కదా. కాబట్టి పెద్ద సెట్టుకి డబ్బు తగలేయకుండా మంచివి నాలుగైదు విడిగా కొనుక్కోండి. పాన్‌పాస్టెల్ కూడా రెండు డబ్బాలున్నాయి, కాటుక డబ్బాల్లా ఉంటాయి. గీకే పని లేదు, దుమ్ము తక్కువ, పట్టు ఎక్కువ. బాడీ బ్లషింగ్‌కి అవే బాగుంటాయి. కంటి మూల లాంటి సన్నటి చోట్లకి నాకు గీకిన పొడే నయం. పొడి ఎక్కువైతే నోటితో ఊదొద్దు, మెత్తటి కుంచెతో దులపండి.

ఇంకో సంగతి, సీలెంట్ పడగానే రంగు మారుతుంది. లేత రంగులు సగం మాయమవుతాయి, తెలుపైతే దాదాపు కనిపించదు. ముదురువి ఇంకాస్త ముదురుతాయి. ఎవరి చేయి వాళ్లకి అలవాటు కావాల్సిందే.

నాకు అన్నిటికంటే ఎక్కువ టైమ్ పట్టింది రంగు ఎంచుకోవడంలో. నా పెద్ద బొమ్మ టాన్ రెజిన్, మన చామనఛాయ. దొరికే పాఠాలన్నీ తెల్లటి, గులాబీ ఛాయ బొమ్మలవే, బుగ్గకి లేత గులాబీ అద్దమంటాయి. అదే అద్దాను, బూడిద పూసినట్టు వచ్చింది. నాలుగుసార్లు తుడిచానన్న తల ఇదే. చివరికి అద్దం ముందు కూర్చుని నా చేతివేళ్ల కణుపులు, మా అమ్మ మోచేయి, ఎండలో ఆడొచ్చిన మేనకోడలి బుగ్గలు చూశాక తలకెక్కింది. మన చర్మం ఎర్రబడితే అది గులాబీ కాదు, ఇటుక రంగు. కణుపుల దగ్గర కాఫీపొడి, పెదాల అంచున వంకాయ ఛాయ. బర్న్ట్ సియెన్నా అనే ఎర్ర గోధుమరంగు, ముదురు ఎరుపు, కొద్దిగా ఊదా కలిపాక అప్పుడు బొమ్మ మనింటి పిల్లలా కనిపించింది. పాదాల అంచులకి పారాణి కూడా దిద్దాను. కింద రెండు పొరల సీల్ కొట్టి మరీ. అది చూశాకే మా అమ్మ మొదటిసారి "బాగుందే" అంది, సంక్రాంతి బొమ్మల కొలువులో ఏటికొప్పాక బొమ్మల పక్కన చోటు కూడా ఇచ్చింది.

ఆ కొలువులోనే ఇంకో నష్టం జరిగింది. పేరంటానికొచ్చిన ఒక పాప బొమ్మ నుదుటన స్టిక్కర్ బొట్టు పెట్టింది, ముద్దుగా ఉందని నేనూ ఊరుకున్నాను. వారం తర్వాత తీస్తే జిగురుతో పాటు సీలెంటూ రంగూ గుండ్రంగా ఊడొచ్చాయి. ఇప్పుడు బొట్టు యాక్రిలిక్‌తో దిద్దుతున్నాను, పైన ఒక చుక్క మెరిసే గ్లాసీ వార్నిష్.

బాడీ బ్లషింగ్ మీద నా అభిప్రాయం ముఖం మీద ఉన్నంత గొప్పగా లేదు. ఎలాస్టిక్ విప్పి ముక్కలన్నీ విడదీయాలి, ఒక్కోదాన్ని పుల్లకి గుచ్చి నాలుగువైపులా కొట్టాలి. ముఖాలైతే నాకు ఒక డబ్బాకి ఆరేడు వస్తాయి, 60 సెంటీమీటర్ల ఒంటికి ఒక డబ్బా చాలలేదు. ఇంత చేశాక కీళ్లు ఒకదానికొకటి రాసుకునే చోట పూత పోతుంది, ఎవరు చేసినా పోతుంది. టాన్ రెజిన్ మీద ఆ గీరలు తెల్లగా ఇంకా బాగా కనిపిస్తాయి. అందుకే రెండో ఒంటికి గుండ్ల మీద అసలు రంగు వేయలేదు, వేళ్లు, మోకాలి చిప్పలు, మడమలు, భుజాలతో సరిపెట్టాను. ఎప్పుడూ కదిలిస్తూ బట్టలు మార్చేవాళ్లయితే ఒంటి జోలికి పోకపోవడమే మంచిది. ముదురు రంగు పట్టు ముక్కలతో లంగా ఓణీ కుట్టేవాళ్లు కూడా చూసుకోండి, ఆ రంగు రెజిన్‌కి అంటుకుంటుంది, నేను లోపల తెల్ల లైనింగ్ వేస్తాను.

తుడవాల్సి వస్తే అసిటోన్ ఉన్న నెయిల్ పాలిష్ రిమూవర్ వాడొద్దు, రెజిన్‌నే కరిగిస్తుంది. నేను విన్సర్ అండ్ న్యూటన్ బ్రష్ క్లీనర్ దూదితో పెట్టి, తర్వాత సబ్బుతో కడిగేస్తాను. యూవీ కట్ అన్నారు కదా, ఇక పసుపెక్కదు అనుకునేవాళ్లకి ఒక మాట. నెమ్మదిస్తుందేమో గానీ ఆపదు, రెజిన్ అన్నాక ఎప్పటికైనా పసుపు తిరుగుతుంది, కిటికీ దగ్గర పెడితే తొందరగా. నాది చెక్క బీరువాలో ఉంటుంది.

మధ్యలో ఒకసారి ఈ డబ్బా దొరక్క, డ్రాయింగులకి వాడే మ్యాట్ స్ప్రే ఒకటి దగ్గర్లో కొని కొట్టాను. పేరెందుకులెండి. నెల తర్వాత కూడా ముఖం వేలికి అతుక్కునేది, వేలిముద్రలు పడేవి. దుమ్మంతా ఆ బొమ్మ మీదే. అందుకే దొరికినప్పుడు రెండు డబ్బాలు తీసి పెట్టుకోండి, ఎండ తగలని చోట. వీటిని విమానంలో పంపడం కష్టం కాబట్టి బయటి దేశం నుంచి తెప్పిద్దామనుకుంటే నెలల మాట.

ఇది రాస్తున్న పూట మీటరు 84 చూపిస్తోంది. ఆషాఢంలో వచ్చిన కొత్త తల కనుబొమ్మలు లేకుండా బీరువాలోంచి చూస్తోంది, డిసెంబరు దాకా దానికి అదే ముఖం.